ఛైర్మన్‌గారి మురికి

...తెల్లగా ఉంది, అంటే ఎవరో చెయ్యి పెట్టారు. చెయ్యి పెట్టారంటే అత్తగారే. అత్తగారే అయితే ఇక అడిగేదేముంది అనుకుంటూ అతను చేపలతొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. నిన్న సాయంత్రం వరకు నల్లగా, జిగురుగా, చూస్తే కడుపులో తిప్పేలా ఉన్న స్పాంజి రాత్రికి రాత్రే పెళ్ళికూతురిలా తయారై ఫిల్టరులో కూర్చుని ఉంది.

శనివారం. ఆఫీసుకు సెలవు. అతను వేసుకున్న ప్రణాళిక చిన్నది: కాఫీ తాగడం, చేపకు చిటికెడు తిండి వెయ్యడం, సాయంత్రం నాలుగింటికి బస్టాండుకు వెళ్ళి కూతుర్ని ఇంటికి తీసుకురావడం. పదిరోజుల కిందట స్కూలు క్యాంపుకు బయల్దేరుతూ ఆ పిల్ల ఒకటే మాట చెప్పింది: "నాన్నా, ఛైర్మన్ జాగ్రత్త." ఛైర్మన్ అంటే ఏ పనీ చెయ్యకుండా అటూ ఇటూ తిరుగుతూ, అద్దంలోంచి అందర్నీ అనుమానంగా చూసే బొద్దు బంగారు చేప. కిందటిసారి ఇలాగే అప్పగించి వెళ్తే మేనేజరు అనే చేప దక్కలేదు. పిల్ల ఏడవలేదు. "పర్లేదులే నాన్నా," అంది. ఏడ్చినా బాగుండేది. ఆ 'పర్లేదు' ఏడాదిగా అతని లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే ఈసారి సొంతంగా ఫిల్టరు కట్టాడు. మూడు ప్లాస్టిక్ సీసాలు కోసి, రెండు వేళ్ళు కోసుకుని, అడుగున గులకరాళ్ళు, మధ్యలో పాత ఫిల్టరులోంచి తీసిన స్పాంజి, పైకి ఒక గొట్టం, గొట్టం చివర గాలి కొట్టే చిన్న పంపు. ఆ పనిలో అతనికొక వింత సత్యం బోధపడింది. నీటిని బాగుచేసేది స్పాంజి కాదు, స్పాంజికి పట్టిన మురికి. అందులో కంటికి కనపడని జీవాలు కోట్లలో కాపురం పెట్టి, చేప వదిలే విషాన్ని తినేస్తాయి. స్పాంజి ఎంత అసహ్యంగా ఉంటే ఛైర్మన్ అంత ఆరోగ్యంగా ఉంటాడు. కొత్తగా ఆ జీవం పట్టాలంటే నాలుగు వారాలు కావాలి. బస్సు రావడానికి ఏడు గంటలుంది.

ఛైర్మన్ నీటిపైకి వచ్చి నోరు తెరిచి మూస్తున్నాడు. నీళ్ళు పలచటి పాలలా ఉన్నాయి.

"చూశారా అల్లుడుగారూ?" అంటూ అత్తగారు వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "మీ తొట్టి అద్దంలా చేసిపెట్టాను. పాపం ఆ చేప చిక్కిపోయిందని రెండు చెంచాల తిండి కూడా వేశాను. ఎంత వేసినా తింది!"

ఛైర్మన్ కూడా వద్దనలేకపోయాడన్నమాట. అతనికి చేప మీద మొదటిసారి సోదరభావం కలిగింది.

"చాలా... బాగుంది అత్తయ్యగారూ," అన్నాడు.

అతను బీమా కంపెనీలో ఉత్తరాలు రాసే గుమాస్తా. రోజుకు నలభైమందికి 'మీ కోరికను మన్నించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం' అని రాస్తాడు. ఆఫీసులో అతని ముద్దుపేరే 'చింతిస్తున్నాం'. కాగితం మీద అంత కఠినుడు. మనిషి ఎదురుగా ఉంటే మాత్రం 'వద్దు' అనే మాట గొంతుదాకా వచ్చి, అక్కడ చెప్పులు విప్పి కూర్చుండిపోతుంది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో అత్తగారు మారు వడ్డించినప్పుడు ఒక్కసారీ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆవిడ అల్లిన ఎనిమిది స్వెట్టర్లూ, ఎండాకాలంలో ఇచ్చినవాటితో సహా, తొడుక్కున్నాడు.

వీధి చివర పంటి డాక్టరు దగ్గర చేపలతొట్టి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఏళ్ళనాటి తొట్టి. ఏళ్ళనాటి మురికి! ఆ స్పాంజి పిండిన నీళ్ళు ఒక్క సీసాడు దొరికితే ఛైర్మన్ బతుకుతాడు. అడగడమే తరువాయి.

అడగడమే కదా చిక్కు. సిగ్గేస్తే దవడ మీద చెయ్యి వేసుకోవడం అతనికి చిన్నప్పటి అలవాటు. పంటి డాక్టరు దగ్గర అది మంచి అలవాటు కాదు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది బల్ల దగ్గరి నర్సు, అతని చెయ్యి చూసి.

"ఇవాళ పొద్దున్నే చూశాను."

"నీళ్ళతో ఇబ్బందిగా ఉందా?"

"అసలు ఇబ్బందే నీళ్ళతోనండీ. సాయంత్రందాకా ఉంటుందో పోతుందోనని..."

"అయ్యో, అంత దూరం వచ్చిందా! లోపలికి పదండి, వరస సంగతి తర్వాత."

వరసలో ఉన్నవాళ్ళు జాలిగా దారిచ్చారు. అంతమంది జాలిపడ్డాక వెనక్కి తిరగడం మర్యాద కాదనిపించింది. కుర్చీ వెనక్కి వాలింది. డాక్టరు నోట్లోకి దీపం పెట్టి ఆనందంగా నిట్టూర్చాడు. "పుచ్చిన పన్ను ఒకటి ఉందండోయ్. కాపాడొచ్చు గానీ, తీసేస్తే ఏ గొడవా ఉండదు. తీసేద్దామా?"

ఇక్కడే, ఈ క్షణంలోనే చెప్పాలి అనుకున్నాడు.

"మీ ఇష్టమండీ," అన్నాడు.

అరగంట తర్వాత సగం మొహం మొద్దుబారి, బుగ్గలో దూది ఉండతో అతను బల్ల మీది కాగితం లాక్కున్నాడు. కాగితం చేతికొస్తే అతను వేరే మనిషి. 'డాక్టరుగారికి నమస్కారం. తమ తొట్టిలోని స్పాంజి పిండగా వచ్చిన మురికినీరు ఒక సీసాడు ఇప్పించ ప్రార్థన. అది లేనిచో ఒక ప్రాణం దక్కదు.'

డాక్టరు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని మూడోసారి చదివాడు. "దీనికోసమా వచ్చారు? ముందే చెబితే పన్ను మిగిలేది కదండీ!"

అతను చింతిస్తున్నట్టు తలూపాడు. నర్సు స్పాంజిని పిండి, పుక్కిలించే మందు ఖాళీ సీసాలో నింపి ఇచ్చింది. చిక్కటి గోధుమరంగు. అతను దాన్ని పసిపిల్లలా గుండెకు హత్తుకుని వీధంతా నడిచాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే భార్య కెవ్వుమంది. "ఏమండీ! చొక్కా మీద ఆ రక్తమేంటండీ?"

"హేఫ... నీహు..." అన్నాడు సీసా చూపిస్తూ. ఆవిడ అతని బుగ్గలో దూది చూసి, సీసా లాక్కుంది.

"పన్ను పీకించుకుని మాటలొకటా! నోరు మూసుకుని ముందు చొక్కా మార్చుకు రండి. అమ్మా, ఆయనకేదో మందిచ్చారు చూడు!"

చొక్కా మార్చుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ ఇంట్లో రెండు నిమిషాలు చాలా ఎక్కువ. తిరిగొచ్చేసరికి అత్తగారి చేతిలో పొగలు కక్కే గ్లాసు ఉంది. నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి.

"ఆ డాక్టరు ఎవడో గానీ మడ్డి మందు ఇచ్చాడు బాబూ. మూడు పొరల గుడ్డతో వడకట్టి, బాగా మరగబెట్టి, గుప్పెడు ఉప్పు వేశాను. పుక్కిలించండి."

కోటి ప్రాణాలు పోయాయి. ఇంట్లో లోపం లేకుండా పనిచేసే ఫిల్టరు అత్తగారొక్కతే అని అతనికి అర్థమైంది. తొట్టికేసి చూశాడు. ఛైర్మన్ పక్కకు ఒరుగుతున్నాడు. ఆవిడ ఊదుతూ, చల్లారుస్తూ, ప్రేమగా గ్లాసు నోటిదాకా తెచ్చింది. అతని లోపల ఎవరో అరుస్తున్నారు. బయట అతను నోరు తెరిచాడు.

పుక్కిలించాడు.

"ఇంకొక్కసారి," అంది అత్తగారు.

దూదిని ఓ బుగ్గకు నొక్కిపెట్టి రెండోసారి పుక్కిలిస్తుండగా తలుపు తోసుకుని కూతురు వచ్చింది. క్యాంపు బస్సు ముందే వచ్చిందట, స్నేహితురాలి అమ్మ కారులో దింపిందట. సంచి కింద పడేసి తిన్నగా తొట్టి దగ్గరికి నడిచింది. అతను నోటినిండా నీళ్ళతో కొయ్యబారిపోయాడు. ఇప్పుడంటుంది. 'పర్లేదులే నాన్నా' అంటుంది.

"స్పాంజి ఎవరు మార్చారు?" అంది పిల్ల.

"నేనే," అంది అత్తగారు గర్వంగా. "ఆ నల్లదాన్ని ఎంత తోమినా వదుల్తుందా అని కొత్తది పెట్టాను."

"మరి పాతదేది అమ్మమ్మా?"

"పారేస్తానా ఏం? నేను వస్తువు పారెయ్యగా ఎప్పుడైనా చూశావా! తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే నానేసి బాల్కనీ బకెట్లో ఉంచాను, మెట్లు తుడవడానికి పనికొస్తుందని."

అతను గుటక వేశాడు. పుక్కిలించే నీళ్ళన్నీ లోపలికి పోయాయి. పొద్దుటినుంచీ ఆ బకెట్ అతని పడగ్గది కిటికీ కిందే ఉంది. పిల్ల అడిగింది మూడే మూడు ముక్కలు. అతనికి వాటి బదులు ఒక పన్ను పట్టింది, అయినా సమాధానం దొరకలేదు.

కూతురు పరుగున వెళ్ళి స్పాంజి తెచ్చింది. నల్లగా, జిగురుగా, కారుతూ, అందంగా ఉంది. సగం నీళ్ళు మార్చి, స్పాంజిని ఫిల్టరులో దూర్చి, పంపు స్విచ్ వేశారు. బుడగలు లేచాయి. చాలాసేపటికి ఛైర్మన్ నిటారుగా లేచి, అందర్నీ అనుమానంగా చూసి, పనిలేకుండా తిరగడం మొదలుపెట్టాడు.

"నాన్నా, ఈ ఫిల్టరు నువ్వే కట్టావా?" అంది పిల్ల అద్దానికి ముక్కు ఆనించి.

అతను తలూపేలోపే వెనకనుంచి చప్పుడైంది. అత్తగారు సబ్బుతో, బ్రష్‌తో వస్తోంది. "ఆ దరిద్రం మళ్ళీ పెట్టారా! ఒక్క నిమిషం ఇటివ్వండి అల్లుడుగారూ, తెల్లగా తోమి ఇస్తాను."

అతను సబ్బుకీ తొట్టికీ మధ్య నిలబడ్డాడు. దవడ మీది చెయ్యి దించాడు. బుగ్గలోంచి దూది తీసి జేబులో పెట్టుకున్నాడు.

"వద్దు," అన్నాడు.

భార్య తలతిప్పి చూసింది. అత్తగారు బ్రష్ దించింది. "వద్దంటే మానేస్తాను, దానికేముంది? ఇన్నేళ్ళూ ఒక్కమాట చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది బాబూ?"

ఇన్నేళ్ళూ ఆ మాటకు అతని నోట్లో చోటు లేదు. ఇవాళే ఒక పన్నంత ఖాళీ అయింది.