తీరని లోటు

మెదడు పరిశోధన కేంద్రానికి సోమవారం ఉదయం పదకొండు గంటలకు తీరని లోటు ఏర్పడింది! మేష్టారు కన్నుమూసింది తెల్లవారకముందే. అయితే కమిటీ కూర్చుని తీర్మానించేదాకా లోటును లోటుగా గుర్తించే వీలు నిబంధనల్లో లేదు.

నడిచిన దారిని ఎలుక మెదడు ఎలా గుర్తుపెట్టుకుంటుందో ఆయన ముప్పై ఒక్క ఏళ్లు వెతికారు. పందొమ్మిది మంది చేత డాక్టరేట్లు చేయించారు. వాళ్లలో మొదటివారు ఇప్పటి డైరెక్టరు. ఆయన సిద్ధాంత గ్రంథాన్ని మేష్టారు మూడుసార్లు దిద్ది, నాలుగోసారి తానే రాశారని గిట్టనివాళ్లు అంటారు. చదివినవాళ్లూ అదే అంటారు.

ఇరవయ్యో శిష్యురాలి గ్రంథం పూర్తయింది. నెలాఖరులోగా సమర్పించకపోతే ఐదేళ్ల శ్రమ రద్దు. మేష్టారు చివరిదాకా చదివి, ఒకచోట అంచున పెన్సిలుతో, "ఈ వాక్యం నీకైనా అర్థమైందా, అమ్మాయ్?" అని రాశారు. ఆమె వాక్యం మార్చింది. చూపించడానికి ఆయన లేరు.

గ్రంథం మీద సంతకానికి కొత్త పర్యవేక్షకుణ్ణి ఇమ్మని అర్జీ పట్టుకెళ్తే గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు.

"కుదరదమ్మా. తీరని లోటని తీర్మానం అయిపోయింది. నీకు ఇంకొకర్ని ఇస్తే లోటు తీరినట్టేగా? కమిటీ అబద్ధమాడినట్టు అయిపోదూ!"

"పోనీ, సగం తీరిందని రాసుకోండి సార్."

"ఫారంలో సగానికి కాలమ్ లేదు."

ఆమె డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన రుమాలు తీసి కళ్లొత్తుకున్నారు. రుమాలు తడవలేదు.

"మేష్టారి స్థానంలో మరొకరా? ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందమ్మా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగనివ్వను!"

ఆమె సిగ్గుపడి బయటికొచ్చింది. వరండా చివర మేష్టారి గది తలుపుకు కొత్త పేరు పలక బిగిస్తున్నారు. లోపల డైరెక్టరుగారి బావమరిది కుర్చీలో కూర్చుని, అది గుండ్రంగా తిరుగుతుందో లేదో చూసుకుంటున్నాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. గ్రంథం ఆయన ముందు పెట్టింది.

"ఇక్కడ మీ సంతకం సార్."

ఆయన అట్ట చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మెదడుతో నాకేం పనమ్మా? నేను ఇన్‌ఛార్జిని!"

తాళాలగుత్తి అప్పగించడానికి వచ్చిన గుమాస్తా ఆమెను పక్కకు పిలిచి, జాలిగా సర్దిచెప్పాడు.

"ఇది గది లోటు తల్లీ. ఇది తీరేదే."

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. మూడో పేజీలో పర్యవేక్షకుల సంతకం పడలేదు.