సీటొచ్చాక కూడా బసూన్

మా మేనకోడలు యున్సోకి ఈ వసంతంలో దేశంలోకెల్లా గొప్ప కాలేజీల్లో ఒకదానిలో సీటు వచ్చిందనీ, వచ్చిన మర్నాడు కూడా ఆ పిల్ల బసూన్ వాయించిందనీ తెలియజేయడానికి చింతిస్తున్నాము.

న్యూజెర్సీలో మా కొరియావాళ్ళ పేటకు సంగీతమంటే ప్రాణం. పిల్లలకు పాలపళ్ళు ఊడే వేళకు వాయిద్యం చేతికిస్తాం. సీటొచ్చిన సాయంత్రం దాన్ని పెట్టెలో పెట్టి, పెట్టెను నేలమాళిగలో పెడతాం. ఆ మధ్యకాలాన్ని సంగీత సాధన అంటారు. ఈ ఏర్పాటుపై ఇంతవరకు ఏ వాయిద్యమూ ఫిర్యాదు చేయలేదు.

యున్సో విషయంలోనూ అంతా పద్ధతిగానే మొదలైంది. మా చెల్లెలు మ్యోంగ్సుక్, పళ్ళ డాక్టరైన మా బావగారు కలిసి పిల్లను అడ్మిషన్ల సలహాదారు ప్రెస్కాట్ గారికి చూపించారు.

"మార్కులు అందరికీ వస్తాయి, కాలేజీలవాళ్ళు వాయిద్యం కూడా చూస్తారు. వయొలిన్లు వీధికి పది. పియానో అసలు లెక్కలోకే రాదు. బసూన్‌కి మాత్రం కరువుందండీ" అని ఆయన మందు చీటీ రాసినట్టు చెప్పారు. బసూన్ అంటే అప్పటికి పిల్లకన్నా పొడుగైన చెక్క గొట్టం. ఊదింది. సీటొచ్చింది. ఇంటిల్లిపాదీ బొగ్గుల మీద పక్కటెముకల మాంసం కాల్చుకుని పండగ చేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మేడమీద మళ్ళీ అదే మోత. మా చెల్లెలు పరుగెత్తింది.

"ఏమైందే? సీటు గాని వెనక్కి తీసుకున్నారా?"

"లేదమ్మా. ఊరికే వాయించుకుంటున్నా."

"ఎవరు వింటారని?"

"నేను."

మా చెల్లెలు మెట్లమీదే కూలబడి నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇన్నేళ్ళూ తిట్టి, బతిమాలి, వెంటపడి నేర్పించాను. ఈ ఇష్టం దీనికి ఎక్కడ అంటుకుందో!"

నేను హైస్కూలు మధ్యలో మానేసి లాండ్రీ పెట్టుకున్నవాణ్ణి. ఆ ఇంట్లో శుభవార్తలు నాకు ఇతరుల ద్వారా అందుతాయి. అశుభాలకు స్వయంగా పిలుస్తారు. వెళ్ళాను.

అసలు పిడుగు అప్పుడు పడింది. యున్సో ఎవరికీ చెప్పకుండా ఒక సంగీత కళాశాలకూ దరఖాస్తు పెట్టిందట, వాళ్ళూ రమ్మన్నారట. పెద్ద సీటు వదిలేసి అక్కడికే పోతానంది.

బావగారు లేచి నిలబడ్డారు. "ఈ కుటుంబం సంగీతానికి ఏనాడూ వ్యతిరేకం కాదు. సంగీతం నిన్ను కాలేజీ గుమ్మందాకా తీసుకొచ్చింది. అందుకు దానికి మన కృతజ్ఞతలు. ఇక దాన్ని బయట వదిలి లోపలికి నడవడం మర్యాద!"

ప్రెస్కాట్ గారిని పిలిపించారు.

"'సంగీతం లేని జీవితాన్ని ఊహించలేను' అని నా దరఖాస్తు వ్యాసంలో ఉంది కదండీ?" అంది యున్సో.

ఆయన చెమట తుడుచుకున్నారు. "అమ్మాయ్, ఆ వాక్యం నేను అందరికీ రాస్తాను. నా సర్వీసులో దాన్ని నమ్మిన పిల్లను చూళ్ళేదు." ఇకమీదట ఎవరూ నమ్మడానికి వీల్లేని వాక్యాలే రాస్తానని హామీ ఇచ్చి సెలవు తీసుకున్నారు.

యున్సో పెద్ద కాలేజీకి రానని చెప్పేసింది. ఆ ఖాళీలోనో మరో ఖాళీలోనో, వెయిటింగ్ లిస్టులో ఉన్న పొరుగింటి ప్యో గారి అబ్బాయి టేగ్యుకి చోటు దొరికింది. బుద్ధిమంతుడు, ఆ సాయంత్రమే ఫ్లూట్ పెట్టెలో పెట్టాడు. చర్చి హాల్లో విందు. పాస్టరు గారు ఆ కుర్రవాడి సంగీత దీక్షను వేనోళ్ళ కొనియాడి, ఒక పాట వాయించమన్నారు.

"మర్చిపోయానండీ" అన్నాడు టేగ్యు.

పాస్టరు గారు ఇబ్బందిగా అటూ ఇటూ చూసి యున్సోని పిలిచారు. ఆ పిల్ల వాయించింది. చెంచాల చప్పుడు ఆగిపోయింది. మా చెల్లెలు కళ్ళు ఒత్తుకుంది. బావగారు పైకప్పుకేసి చూస్తూ కూర్చున్నారు. ప్యో గారి భార్య నా చెవిదాకా వంగి, "ఎంత బాగా వాయిస్తోందండీ... పాపం!" అంది.

హాలంతా అదే మాట. మీరు అక్కడున్నా మరో మాట అనేవారు కాదు. మీ అమ్మాయి కాదు కనక, చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టేవారు.