మూడు కిలోమీటర్ల పేదరికం

పేదపిల్లలు చదువులో వెనకబడటానికి కారణం పేదరికం కాదనీ, దూరమనీ సమాన విద్యావకాశాల సలహా మండలి చైర్మన్ జనార్దన్ గారు ఈ ఏప్రిల్‌లో వికారాబాద్‌లో కనిపెట్టారు. కనిపెట్టింది పొద్దున. మధ్యాహ్నానికల్లా సభ పెట్టి ప్రకటించారు. తాండూర్ రోడ్డు మీద కొత్తగా కట్టిన నవోజ్వల విద్యాలయంలో ఆరో తరగతికి ఎనభై సీట్లు. అందులో నలభై రాష్ట్రమంతటి పిల్లలకు, మార్కుల వారీగా. మిగిలిన నలభై బడి గేటు నుంచి మూడు కిలోమీటర్ల లోపు కాపురముండే పేదల పిల్లలకు మాత్రమే. దీన్ని క్యాచ్‌మెంట్ ఏరియా అంటారని చైర్మన్ గారు సెలవిచ్చారు. అర్థం కానివాళ్లు పక్కవాళ్లను అడిగారు. పక్కవాళ్లు మంచిదే అయ్యుంటుందన్నారు.

ఆ సభలో అందరికంటే ఎక్కువ సంతోషపడినవాడు పరమేశ్. పార్టీ యువజన విభాగానికి మండల ప్రచార కార్యదర్శి. అంటే ఫ్లెక్సీలు కట్టేవాడు, గాలికి పడిపోతే మళ్లీ కట్టేవాడు. ఊరు ఎర్రగట్టు. పంతొమ్మిది ఇళ్లు, అన్నీ గొర్లకాపరులవే. బడి గేటు నుంచి మూడు కిలోమీటర్ల గీత గీస్తే ఆ గీత లోపల కంది చేలు, రాతి గనులు, ఎర్రగట్టు తప్ప ఇంకేమీ పడవు.

ఆ ఊళ్లో ఈ ఏడు ఐదో తరగతి పూర్తిచేసింది ఒకే ఒక్క పిల్ల. ఆ పిల్ల పరమేశ్ కూతురు దేవిక.

నలభై సీట్లకు ఒక్క పిల్ల. పరమేశ్ ఈ లెక్కను రెండుసార్లు చేసి చూసుకున్నాడు. రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

"ఇగ ఫికర్ లేదు," అన్నాడు భార్య జ్యోతితో. "మన బిడ్డ యాడ కూసుంటా అంటే గాడ కూసోవచ్చు. ముందు బెంచీ అన్న, కిటికీ పొంటి అన్న."

"సీటు చేతికొచ్చినంక కిటికీ సంగతి సూద్దాం," అంది జ్యోతి. "గీ బడి రాకుంటే అది మీ అవ్వతోని గొర్లెంబడి పోవుడే. వికారాబాద్ హైస్కూలుకు దినాం ఆటోల ఎవలు తోల్తరు?"

జ్యోతి మాటలో అబద్ధం లేదు. పరమేశ్ తండ్రి బీరప్ప, తల్లి బుగ్గమ్మ ఎండాకాలమంతా మందను తీసుకుని దోమ మండలం వైపు పోతారు. కోతలైపోయిన చేలల్లో రోజుకొకరి చేనులో మందను ఆపుతారు. చేనుకు ఎరువు దక్కుతుంది, వాళ్లకు తిండిగింజలు దక్కుతాయి. దేవికకు ముందు ఆ ఇంట్లో చదువు మానేసిన ఆడపిల్లలందరూ ఆ మంద వెనకే నడిచారు. దేవికకు మాత్రం పుస్తకం కనబడితే చాలు, పొట్లం కట్టిన కాగితమైనా సరే, ఆ చివరనుంచి ఈ చివరదాకా చదివితే తప్ప వదలదు.

నలభై సీట్లకు ఒక్క పిల్ల అన్న సంగతి చైర్మన్ గారి దాకా వెళ్లింది. ఆయన మనసు కలతపడింది. ముప్పైతొమ్మిది సీట్లు ఖాళీగా ఉంటే పేదలకు చదువంటే ఇష్టం లేదని ప్రతిపక్షం అనదూ? పేదల మీద అంత మాట పడటం ఆయన సహించలేకపోయారు. పేదలు లేకపోతే పేదలను రప్పించాలని నిర్ణయించారు.

రప్పించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. తాండూర్‌లో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల యజమానులు, కంది మిల్లుల వాళ్లు, రెండు నర్సింగ్ హోముల డాక్టర్లు, ఒక రియల్ ఎస్టేట్ పెద్దమనిషి, వీళ్లందరూ ఒక్క వారంలో పేదవాళ్లయ్యారు. ఇంత పెద్ద కష్టం ఒకేసారి ఇంతమంది మీద పడినా ఒక్కరి మొహంలోనూ దిగులు కనిపించలేదంటే వాళ్ల గుండెనిబ్బరాన్ని మెచ్చుకోవలసిందే. పేదవాళ్లమని కాగితాలు తెచ్చుకున్నారు. ఇక కావలసింది ఎర్రగట్టులో ఇల్లు.

చైర్మన్ గారి పీఏ సంతోష్ కారు దిగి నేరుగా పరమేశ్ ఇంటికి వచ్చాడు.

"పరమేశన్నా, సార్ నిన్ను యాది చేసిన్రు," అన్నాడు.

చైర్మన్ గారు తన పేరు గుర్తుపెట్టుకున్నారన్న మాటకే పరమేశ్ సగం కరిగిపోయాడు. మిగతా సగం సంతోష్ తెచ్చిన కొత్త పార్టీ కండువాకు కరిగింది. పని చిన్నదే. తాండూర్ పిల్లలు ఎర్రగట్టులో నివాసమున్నట్టు ఉండాలి. ఉన్నట్టు అంటే నిజంగానే ఉండాలి. ఎందుకంటే మోసాలు జరగకుండా చైర్మన్ గారే ఒక కఠినమైన నియమం పెట్టారు. ప్రత్యేక అధికారి తెల్లవారుజామున ఊళ్లోకి వస్తాడు. పిల్ల ఏ ఇంట్లో నిద్ర లేస్తే అదే ఆ పిల్ల నివాసం. నిద్ర లేస్తుండగానే ఫోనులో ఫొటో తీస్తారు. ఏ చోట తీశారో ఆ ఫొటోలోనే పడుతుంది. ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

"మూడు దినాలన్నా. గంతే," అన్నాడు సంతోష్. "గీ మూడు దినాలల్ల ఎప్పుడైన రావొచ్చు. కడమోళ్లను పక్కిండ్లల్ల సర్దుతున్నం. నీ ఇంట్ల పదకొండు మందిని సర్దాలె. అందుట్ల సార్ బామ్మర్ది కొడుకు ఉన్నడు. వానికి కూలర్ ఉండాలె."

"పదకొండు మందా? ఉన్నయే రెండు అర్రలు గద."

"మీరు ముగ్గురు జర పక్కకు జరిగితే సరిపోతది. మీ నాయినోళ్లు దోమ దిక్కున్నరు గద. ఆడికి పోయిరాండ్రి. పిల్లకు గూడ సెలవులే."

జ్యోతి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "మరి మా పిల్ల మా ఇంట్ల నిద్ర లేవాల్నా వద్దా?" అని అడిగింది.

సంతోష్ నవ్వాడు. "అక్కా, తనిఖీ బయటోళ్లకు. మీరు లోకల్. ఇల్లు మీదే, ఇంటి పన్ను రసీదు మీ పేరు మీదనే. మీ ఇంట్ల మీరున్నరా లేరా అని ఎవడన్న అడుగుతడా?"

పరమేశ్‌కు ఇది న్యాయంగా తోచింది. తరతరాలుగా ఆ ఇంటి వాళ్లు మందతో నెలల తరబడి బయటే ఉన్నారు. తిరిగి వచ్చేసరికి ఇల్లు ఎక్కడికైనా పోయిందా? లేదు. వీళ్లది ఎర్రగట్టు కాదని ఎవరైనా అన్నారా? అదీ లేదు. మనిషి ఎక్కడ తిరిగినా ఊరు ఊరేనని వాళ్ల నమ్మకం. కొత్త నియమం సంగతి ఆ నమ్మకానికి ఎవరూ చెప్పలేదు.

అలా జ్యోతి, దేవిక దోమ బస్సు ఎక్కారు. కూలర్ పెట్టడానికి పరమేశ్ ఆగిపోయాడు.

మూడో రోజు ఉదయం ఆరింటికి ప్రత్యేక అధికారి చంద్రప్ప ఎర్రగట్టులో దిగాడు. ఆయన నిజాయితీపరుడు. కంటికి కనబడినదే రాస్తాడు, కనబడనిది రాయడు. పరమేశ్ ఇంట్లో వరసగా పదకొండు మందిని లేపారు. పరుపు లేక నిద్రపట్టలేదని ఒక పిల్లవాడు కళ్లు నలుపుకున్నాడు. 'ఇంట్లో పరుపు లేదు, కడు బీదరికం' అని చంద్రప్ప రాసుకున్నాడు. రొట్టె మీద వెన్న లేదని ఒకడు ఏడ్చాడు. 'పోషకాహార లోపం.' చైర్మన్ గారి బామ్మర్ది కొడుక్కి దోమలు కుట్టి మొహమంతా దద్దుర్లు లేచాయి. 'చర్మవ్యాధి, వైద్య సదుపాయం అందని కుటుంబం.' కాలు బెణికి మందతో పోలేక కొట్టంలో మిగిలిపోయిన గొర్రెను చూసి ఒక అమ్మాయి ఇది కరుస్తుందా అని అడిగింది. చంద్రప్ప కలం ఒక్క క్షణం ఆగింది. తరువాత 'పశువులను కొనే స్తోమత ఎన్నడూ లేనివారు' అని పూర్తిచేసింది.

అంతా అయ్యాక ఆయన జాబితాలో ఒక పేరు మీద వేలు పెట్టాడు.

"దేవిక, తండ్రి పరమేశ్. గీ పిల్ల యాడుంది?"

"మా బిడ్డనే సార్. దోమల ఉంది. ఎల్లుండి వస్తది."

"నిద్ర యాడ లేసింది?"

"మా నాయిన మంద ఆపిన చేన్ల సార్."

చంద్రప్ప రాసుకున్నాడు. పరమేశ్ ఆయనకు టీ ఇచ్చాడు. ఆయన కూలర్ పక్కన కూర్చుని తాగి వెళ్లాడు.

వారం తిరగకుండా జాబితా వచ్చింది. క్యాచ్‌మెంట్ ఏరియా పేదపిల్లలు నలభై మంది. పదకొండు మందికి చిరునామా పరమేశ్ ఇల్లు. పరమేశ్ ఆ కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. కూతురి పేరు ఎక్కడా లేదు. ఆమె సీటు కూడా తాండూర్‌కే పోయింది. జ్యోతికి చూపించకుండా మడిచి జేబులో పెట్టుకుని వికారాబాద్ బస్సెక్కాడు.

చంద్రప్ప మర్యాదగా కూర్చోబెట్టాడు.

"మీ పిల్ల క్యాచ్‌మెంట్ బయట నిద్ర లేసింది," అన్నాడు. "నియమం నేను పెట్టింది గాదు."

"గది మా ఇల్లు సార్. మా తాత కట్టిండు."

"ఇల్లు మీదే. నేను కాదన్ననా? ఇంట్ల పిల్ల లేదంటున్న. పదకొండు మంది ఉన్నరు. వాళ్లల్ల మీ పిల్ల లేదు."

"వాళ్లు తాండూరోళ్లు సార్. మీకు ఎర్క లేదా?"

చంద్రప్ప కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తాండూరోళ్లైతే మీ ఇంట్ల ఎందుకు పండుకున్నరు? మీరే పండుకోనిచ్చి, మీరే తాండూరోళ్లంటే నేనేం రాయాలె? గట్ల రాస్తే మొదటి కేసు మీ మీదనే అయితది."

పరమేశ్ జేబులోని జాబితా తీసి బల్ల మీద పరిచాడు.

"దోమల దరఖాస్తు పెట్టుకోండ్రి," అన్నాడు చంద్రప్ప దయగా.

"దోమల గిసుంటి బడి లేదు గద సార్."

"గది దోమోళ్ల సమస్య."

ఆ రోజు ఇంట్లో జ్యోతి అరవలేదు. తిట్టలేదు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, "బిడ్డకు నువ్వే చెప్పు," అంది. తిట్టి ఉంటేనే బాగుండేదని పరమేశ్‌కు అనిపించింది. దేవికకు చెప్పాడు. ఆ పిల్ల, "నేను మల్లొచ్చి మనింట్లనే నిద్ర లేస్తున్న గద బాపూ. గిప్పుడు ఫొటో తియ్యరా?" అని అడిగింది. పరమేశ్ బయటికి వెళ్లి, కూలర్ పెట్టడానికి తీసిన కిటికీ చువ్వలను మళ్లీ బిగిస్తూ కూర్చున్నాడు.

కార్యకర్తల కష్టం చైర్మన్ గారికి తెలియకుండా ఉండదు. బడి తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవలసి వచ్చినప్పుడు ఆయన నియమావళి తెప్పించి చూశారు. ఏ ఇంటినుంచి ఎక్కువమంది పేదపిల్లలు బడిలో చేరితే ఆ ఇంటి యజమానే అధ్యక్షుడు. పదకొండు మంది ఉన్న ఇల్లు ఒక్కటే.

"సార్ కోపంగ లేరు నీ మీద," అన్నాడు సంతోష్ ఫోనులో. "అధ్యక్షుడంటే నీ మాటనే నడుస్తది. మీ పిల్ల సంగతి గూడ మీటింగుల పెట్టిస్తున్న. దాన్ని ఎంట తీస్కరా, సార్ సూసినట్టుంటది."

పరమేశ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దేవికకు జ్యోతి రెండు జడలు వేసి, కొత్త రిబ్బన్లు కట్టింది. బడి గేటు దాకా నడుచుకుంటూనే వెళ్లారు. మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువే.

మీటింగు హాల్లో చల్లగా ఉంది. పరమేశ్‌ను మధ్య కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. నర్సింగ్ హోము డాక్టరు గారు పరమేశ్ వైపు చూసి తలాడించారు. ఎంతైనా ఆయన కొడుకు మూడు రోజులు ఆ ఇంటి బిడ్డ. మొదటి తీర్మానం అధ్యక్షుడు చదివి వినిపించాలన్నారు. కాగితం నిండా చిన్న అక్షరాలు, చాంతాడంత వాక్యాలు. పరమేశ్‌కు ఫ్లెక్సీ మీది అక్షరాలైతే దూరం నుంచి కూడా వస్తాయి. ఇవి దగ్గరనుంచి కూడా రాలేదు.

"మా బిడ్డ చదువుతది సార్," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు గర్వంగా ఉంది.

దేవిక లేచి నిలబడి, కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

"క్యాచ్‌మెంట్ ఏరియాలోని నిరుపేద విద్యార్థుల హక్కులను కాపాడుటకై, సదరు ఏరియాకు వెలుపల నివసించు పిల్లలను ఎట్టి పరిస్థితులలోనూ ఈ పాఠశాలలో చేర్చుకొనరాదని ఈ కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. తదనుగుణముగా పెండింగులోనున్న ఒకే ఒక్క అభ్యర్థన, అనగా..."

అక్కడ ఒక్క క్షణం ఆగింది. పరమేశ్ కుర్చీలోంచి సగం లేచాడు. దేవిక గొంతు సవరించుకుని ముందుకు చదివింది.

"అనగా, కుమారి దేవిక, తండ్రి పరమేశ్, వలస కుటుంబము వారి అభ్యర్థనను తిరస్కరించడమైనది."

ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది. చైర్మన్ జనార్దన్ గారి కళ్లు చెమర్చాయి.

"సూసిన్రా?" అన్నారు ఆయన అందరివైపూ తిరిగి. "ఎర్రగట్టు సర్కారు బడి పిల్ల. ఎంత సాఫుగ చదివింది. గసుంటి పిల్లకు మన బడితోని పనేముంది?"

డాక్టరు గారు, కంది మిల్లు వాళ్లు నిజమేనన్నారు. సంతోష్ ఫొటో తీశాడు.

దేవిక కాగితాన్ని తండ్రి ముందు పెట్టి, ఖాళీ గీత మీద వేలు ఆనించింది.

"గీడ సంతకం, బాపూ," అంది.