సాక్ష్యం విన్న మేకపోతు

ఆ ఆదివారం ఉదయం సమాధానం మాస్టారికి రెండు పనులున్నాయి. అన్న జడ్సన్ జ్ఞాపకార్థ కూటంలో నాలుగు పేజీల సాక్ష్యం చదవాలి. అంతకుముందు, అన్న పెంచిన మేకపోతుకు స్నానం చేయించాలి. రెండోది వదిన రెజీనా పట్టుదల.

"ఆయన చేత్తో మేపినాడు. కూటంలో అదీ ఉండాల," అంది.

జడ్సన్ ముత్తుకూరంతటినీ నవ్వించిన మనిషి. తన జోకులకు మేకపోతు కూడా నవ్వుతుందని ఒట్టేసి చెప్పేవాడు. జంతువులకు హాస్యమేమిటని సమాధానం వాదించేవాడు. జడ్సన్ చూసిన ఆఖరి క్రిస్మస్ నాడు ఆ వాదన ముదిరి, చర్చి మెట్ల మీద పదిమందిలో అన్నను "కోతి" అనేశాడు. క్షమాపణ అడిగేలోపే అన్న పోయాడు. ఏడాదిగా ఆ మాట అతన్ని తినేస్తోంది. ఇవాళైనా అన్నను పెద్దమనిషిగా నిలబెట్టాలి.

మేకపోతు కంపు సబ్బుకు లొంగలేదు. సమాధానం తన సెంటు సీసా సగం దాని గడ్డానికి పట్టించాడు. వింత వాసన తగిలితే మేకపోతు తలెత్తి, పైపెదవి ముడిచి, చిగుళ్ళు బయటపెడుతుందని లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి తెలియదు.

షామియానా కింద దాన్ని ముందు వరస పక్కనే కట్టారు.

"మా అన్న నెమ్మదస్తుడు," అని సమాధానం మైకులో మొదలుపెట్టాడు. సముద్రపు గాలి వీచింది. మేకపోతు తలెత్తి పెదవి ముడిచింది. వెనక ఎవరో దగ్గారు.

"ఎవరినీ ఎగతాళి చేసి ఎరగడు."

మళ్ళీ చిగుళ్ళు. దగ్గు ఆడవాళ్ళ వైపుకు పాకింది. చచ్చిపోయాక కూడా అన్నను చూసి నవ్వుతున్నారని సమాధానం మండిపడి గొంతు పెంచాడు. అదురుతున్న భుజాలను చూసి అందరూ ఏడుస్తున్నారనుకున్న పాస్టరు నరేంద్రబాబు గారు లేచి, "దుఃఖాన్ని ఆపుకోవద్దండీ," అని ఓదార్చారు. దాంతో ఇద్దరు ముగ్గురు కుర్చీల కింద ఏదో వెతకడం మొదలుపెట్టారు.

సమాధానం మేకపోతు వైపు తిరిగాడు. "నేను చెప్పేది అబద్ధమా?" అని మైకులోనే అడిగేశాడు.

అది నిదానంగా అతన్ని చూసి, పెదవి ఇంకాస్త పైకెత్తింది.

ఫక్కున నవ్వింది రెజీనా. ఏడాదిగా ఆ ఇంట్లో వినపడని నవ్వు అది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

సమాధానం కాగితాలు మడిచాడు.

"అబద్ధమే వదినా. నలభై ఏళ్ళు నన్ను ఏడిపించినాడు. నా పెళ్ళిలో బూట్లలో ఇసుక పోసినాడు. నేనేమో అందరి ముందర కోతి అన్నాను. తప్పు చేసినాను."

"ఆ మాటకు మీ అన్న ఇంటికొచ్చి కడుపు పట్టుకొని నవ్వినాడు, సమాధానం," అంది రెజీనా కళ్ళు తుడుచుకుంటూ. "'మా తమ్ముడు పుట్టినాక ఇన్నాళ్ళకు ఒక జోకు వేసినాడు' అని పోయేదాకా నాతో చెప్పుకున్నాడు."

సమాధానం ముందు ఏడ్చాడు, తర్వాత నవ్వాడు. షామియానా అంతా నవ్వింది. పాస్టరు గారు కూడా ఆపుకోలేకపోయారు.

ముగింపు ప్రార్థనకు గంభీరంగా నిలబడింది మేకపోతు ఒక్కటే.