బోధన్ చక్కెర నీళ్లు

ఆ రోజు పొద్దున ఫిజిక్స్ లెక్చరర్ సీమోను వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదకొండింటికి జర్మనీ శాస్త్రవేత్త డాక్టర్ హెర్మన్ వాళ్ల బోధన్ ఊరి కాలేజీకి వస్తాడు. కాంతి కణాలను ఒక్కొక్కటిగా చక్కెర నీళ్లలోంచి పంపి, అవి ఎంత మెలిక తిరిగాయో యంత్రంతో కొలుస్తాడు. జర్మనీలో, జపానులో వచ్చిన అంకే ఇక్కడా వస్తే క్వాంటం పరిశోధన ఒప్పందంపై సంతకం, కాలేజీకి కొత్త ప్రయోగశాల! పదిహేనేళ్లుగా పగిలిన అద్దాలతో పాఠాలు చెబుతున్న సీమోనుకు ఆ సంతకం మీదే ప్రాణమంతా ఉంది.

చక్కెర తూచి లీటరు నీళ్లలో కలిపి, చల్లగా ఉంటుందని ఆ గాజు జగ్గును ప్రిన్సిపాల్ గదిలో కుండ పక్కన పెట్టాడు. అతిథిని తీసుకురావడానికి నిజామాబాద్ స్టేషనుకు వెళ్లాడు. అదే కొంప ముంచింది.

చుట్టాలొచ్చే రోజు జగ్గులో తియ్యటి నీళ్లుంటే అది షర్బత్ కాక మరేమిటి? అటెండర్ ఎల్లవ్వ కాస్త చేతిలో పోసుకుని రుచి చూసింది.

"ఓ యవ్వ, గింత సప్పగనా? శక్కర పండే ఊర్ల గిసొంటి షర్బత్ ఇస్తే ఇజ్జత్ ఉంటదా!" అంటూ మూడు చెంచాలు వేసి కలిపింది. ఆమె అటు వెళ్లగానే క్లర్కు సుమిత్రమ్మ వచ్చింది. ఆమె నాలుకకూ అది చప్పగానే తగిలింది. ఇంకో రెండు పడ్డాయి.

ఇవేవీ తెలియని సీమోను అతిథితో తిరిగొచ్చి, ప్రిన్సిపాల్ గదిలోనే బిగించిన యంత్రంలో గర్వంగా ఆ నీళ్లను పోశాడు. అంకె ఎక్కడికో ఎగిరిపోయింది. హెర్మన్ కాగితం మీద లెక్క కట్టి, "నలభై ఐదు గ్రాములు ఎక్కువుంది" అని పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. సీమోను కంగారుగా గదంతా వెతికాడు. అప్పుడు కనిపించింది, కుండ మూత మీద చక్కెర అంటిన టీ చెంచా.

"ఎల్లవ్వా, గా జగ్గుల ఏమన్న ఏసినవా?"

"మూడు చెంచలు శక్కరేసిన సారూ. తప్పయిందా?"

"నేను గూడ రెండేసిన సార్," తలుపు చాటునుంచి సుమిత్రమ్మ గొంతు వినిపించింది.

చెంచాకు ఐదు గ్రాములు. ఇరవై ఐదే తేలాయి. అందరి చూపూ ప్రిన్సిపాల్ బాపురావు వైపు తిరిగింది.

"నన్నేంది జూస్తరు? నేను రెండే ఏసిన!"

సీమోను అది ఇంగ్లీషులో చెప్పాడు. హెర్మన్ తల అడ్డంగా ఊపి యంత్రం వైపు వేలు చూపించాడు. ఇంకా పది గ్రాములు తేలాలి.

బాపురావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే... నాలుగు. మన ఊరి ఇజ్జత్ గదా!"

హెర్మన్ పగలబడి నవ్వాడు. ప్రిన్సిపాల్ దాచిన చక్కెరను కూడా గ్రాముతో సహా పట్టిచ్చిన యంత్రానికి ఇంతకు మించిన పరీక్ష ఏ దేశంలోనూ జరగలేదంటూ అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. సీమోనుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఒప్పంద పత్రంలో ఇక ఒక్క గడే మిగిలింది: 'సమాజంపై క్వాంటం ప్రభావం'. సీమోను పెన్ను తీసి, "ఇంకా తేలలేదు, క్వాంటంపై సమాజ ప్రభావం మాత్రం తొమ్మిది చెంచాలు" అని నింపాడు.