పొట్టి లింకు, అరువు కుర్చీలు

పని చేస్తుందని తెలిసీ మళ్ళీ చూడాలనిపించడం జాగ్రత్తా, జబ్బా? పొద్దున్నే వీధి మలుపులో పోస్టరు ముందు నిలబడి తమ్ముడు ఇదే ఆలోచిస్తున్నాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం అతని ఉద్యోగం. అచ్చయిన ప్రతి కాపీనీ విడిగా చూస్తే గానీ మనసు ఊరుకోదు. పోస్టరు మీది లింకును ఫోనులో కొట్టాడు. తెరుచుకుంది. పక్క గోడ మీదా అదే పోస్టరు, అదే లింకు. అదీ కొట్టి చూశాడు. వారంగా ఇదే వరస. ఊళ్ళో గోడలు చాలా ఉన్నాయి.

ఈ సాయంత్రం అక్క కుట్టు క్లాసు మొదలవుతుంది. డజను మందైనా చేరకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తానని హాలు యజమానురాలు ముందే చెప్పేసింది. క్లాసు వివరాలున్న పేజీ చిరునామా పోస్టరులో మూడు వరసలు మింగేస్తుంటే, దాన్ని పొట్టి లింకుగా మార్చింది తమ్ముడే.

“ఇంత చిన్నదాంట్లో అదంతా ఎలా పట్టిందిరా?” అని అప్పుడు అక్క అడిగింది.

“పట్టలేదక్కా. ఇది గుమ్మం లాంటిది. దీన్ని కొడితే ఆ పొడుగు చిరునామాకి అదే తీసుకెళ్తుంది. గోడ మీద చూసి కొట్టుకునేవాళ్ళకి హాయి. ఎన్నిసార్లు తెరిచారో లెక్క కూడా చెబుతుంది.”

ఆ లెక్కే కొంప ముంచింది. అతను ఇల్లు చేరేసరికి అక్క ఫోను పట్టుకుని గెంతుతోంది.

“వందమందిరా! మన దగ్గర కుర్చీలు పదే!”

ఆ వందలో తన వాటా ఎంతో తమ్ముడికి లీలగా తెలుసు. చెబుదామని నోరు తెరిచాడు. వెలిగిపోతున్న ఆ ముఖం చూడగానే అలాగే నిలబడిపోయాడు.

“గుడ్లప్పగించి చూస్తావేం? క్లినిక్‌లో అడుగు! సెలూన్‌లో బెంచీలు అడుగు!”

అడిగాడు. డాక్టరుగారు ఆలస్యంగా వస్తారు కదా అని నర్సు కుర్చీలన్నీ ఇచ్చేసింది. సెలూను ఆయన బెంచీలతో పాటు తిరిగే కుర్చీ కూడా ఇవ్వబోయాడు. అది నేలకి బిగించి ఉంది కాబట్టి ఆగాడు.

సాయంత్రం హాల్లో కుర్చీల సముద్రంలో నలుగురు కూర్చున్నారు.

“మిగతావాళ్ళేరిరా?” అక్క ఖాళీ కుర్చీలు చూపించింది.

“అక్కా... మిగతావాళ్ళు నేనే.”

“నువ్వా! అన్నిసార్లెందుకురా?”

“పనిచేస్తుందో లేదోనని.”

“చేసిందా?”

“ప్రతిసారీ.”

అక్క ఏడవబోయి ఫక్కున నవ్వింది. అంతలో నర్సు విసురుగా వచ్చింది. “మా కుర్చీలేవయ్యా? పేషెంట్లు గోడకి జేరబడి నిలబడ్డారు!” ఆమె వెనకే, నిలబడలేని పేషెంట్లు ఒక్కొక్కరే వచ్చి తమ కుర్చీలు వెతుక్కుని కూలబడ్డారు. డాక్టరుగారి జాడ ఇంకా లేదు. ఊరికే కూర్చోవడమెందుకని అక్క అందరి చేతుల్లో గుడ్డముక్కా బొత్తామూ పెట్టింది. కాసేపటికి దగ్గులు తగ్గి నవ్వులు మొదలయ్యాయి. నర్సు కూడా గుండీ కుడుతూ కూర్చుండిపోయింది.

క్లాసులో చేరతామని కొందరు పేషెంట్లు కూడా చేతులెత్తారు. ఎంతమంది చేరారో చూడ్డానికి వచ్చిన హాలు యజమానురాలు అందరినీ వేలితో లెక్కపెట్టింది. “పదకొండు. ఒకటి తక్కువ.”

తమ్ముడి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. ఫోను తీశాడు, కట్టేశాడు. వెనక వరసలో కూర్చుని, సూది తీసుకుని, దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

“బాబూ,” అంది పక్కనున్న నర్సు, “బెజ్జం రెండో వైపు ఉంటుంది.”