సబ్బునురుగు నడుమ మూడంకెల మహాసమరం

సహస్రకిరణుడు సెలవునాడు నడినెత్తిన నిలిచి తారురోడ్డును పెనంలా కాల్చుచున్న వేళ, బజారువీధి మలుపున, దర్పణద్వయ విరాజితమై, పంకాఘోష ముఖరితమై వెలయు క్షౌరశాలయందు, తిరుగుడు కుర్చీయే సింహాసనముగా, మెడకు కట్టిన తెల్లగుడ్డయే కవచముగా, చెంపలనిండ సబ్బునురుగుతో డ్రాయింగు మాస్టారు కొలువుదీరి యుండెను.

అంతలో ఆయన ఫోను మ్రోగెను. చేతులు గుడ్డ క్రింద చిక్కుకొనుటచే, క్షురకుడే దానినందుకొని, చెవికానించిన నురుగంటునని స్పీకరు నొక్కి ఎదుట పట్టెను.

"ఏవండీ! రెండే టికెట్లు మిగిలాయి. మీ కార్డు వెనకాల మూడంకెలు అడుగుతోంది, త్వరగా చెప్పండి. తమ్ముడి పెళ్లికి రైల్లో నిలబడే వెళ్లాం, చెల్లి పెళ్లికి కూడా అంతేనా?" అని ధర్మపత్ని కంఠము శాలయెల్ల మార్మ్రోగెను.

తత్క్షణమే బెంచీపై నిరీక్షించు ముగ్గురి పత్రికాపఠనము స్తంభించెను. పాపము, వారికి దురుద్దేశమేమియు లేదు. పరుల ముచ్చట్లనిన చెవి కోసుకొను జాతి, అంతే. కాని మాస్టారు జాగరూకుడయ్యెను. మొన్ననే సైన్సు మాస్టారు బస్సులో తన కార్డు సంగతులన్నియు గొంతెత్తి చెప్పగా, ఎవడో మహానుభావుడు ఆ డబ్బుతో ఫ్రిజ్ కొనుక్కొనెను. సైన్సు మాస్టారింట నేటికిని కుండనీళ్లే.

"చెప్పేయండి సార్, ఇక్కడంతా మనవాళ్లే!" అనుచు క్షురకుడు మీసపుటంచు దిద్దుటకు కత్తి మోపెను.

"ఓయీ! కులాచలములు కూలినను, సప్తసాగరములింకినను, మదీయ త్ర్యంకరహస్యము పరకర్ణగోచరము కానేరదు!" అని మాస్టారు గర్జించెను, మనసులో. నోట వెడలినది మాత్రము, "ఉండవే, ఒక్క నిమిషం!"

"మూడంకెలు చెప్పడానికి సిగ్గేంటండీ? టైమైపోతోంది!"

అంతట నా ధీరోదాత్తుడు, ఇటు కార్డు, అటు కాపురము, నడుమ కత్తి యని యెరిగియు, గుడ్డనుండి చేయి విడిపించుకొని, ఫోను లాగుకొని దిగ్గున లేచెను. కుడిమీసము కత్తికెరయై నేలకొరిగెను. దానివంక చూడనైన చూడక, వీధిలోనికురికి, స్పీకరు నాపి, మెడగుడ్డ కొసలను తలమీదికెత్తి కప్పుకొని, ఆ శ్వేతశిబిరాంతరమున ముడుచుకొని మూడంకెలను గుసగుసలాడెను.

"ఎండదెబ్బేమో పాపం," అనెను దారినపోవు వృద్ధురాలు.

"వచ్చేశాయండీ! రెండూ కూర్చునే సీట్లే!" అని ఫోనులోనుండి ఆనందబాష్పపూరిత ఘోష వినవచ్చెను.

మాస్టారు మరలివచ్చి అద్దము చూచుకొనెను. కాలేజీనాటి మీసము, గుండె చివుక్కుమనెను. పెళ్లిలో బావమరదులేమందురో! ఐనను వినుడు, దిక్కులార: ఒక అర్ధమీసము వీరస్వర్గమలంకరించెను, మూడంకెలలో ఒక్కటియు శత్రుకర్ణమున పడలేదు! గెలిచినవాడు మీసము మెలివేయవలెను గనుక, మిగిలిన ఎడమవైపునే తనివితీర మెలివేసి, మాస్టారు మరల సింహాసనమెక్కెను.

"ఇక ఇది కూడా తీసెయ్యి నాయనా."